లిస్టులోకి రాని విమానం

మొగుణ్ణి ‘కెప్టెన్’ అని మొదట పిలిచింది ఆవిడే, వెటకారానికి. ఆ మహానుభావుడు దాన్ని బిరుదనుకున్నాడు. సీసా మూతల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా రిటైరై, కంప్యూటర్లో విమానాలు నడిపే ఆట ఒకటి కొనుక్కుని, భోజనాల బల్ల సగం ఆక్రమించి జాయ్‌స్టిక్కు బిగించాడు. మిగతా సగంలో ఆవిడ కూరలు తరుక్కోవాలి. అప్పుడూ ‘‘టేకాఫ్ అవుతున్నాం, చప్పుడు చెయ్యకు’’ అని గదమాయింపు. ఇంటికొచ్చిన వాళ్ళ ముందు ఆయన కోసే కోతలు వింటే, ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చాడనుకోవాలి. నిజం విమానం మెట్టు మీద ఒక్కసారైనా కాలు పెట్టిన మొహం కాదు.

సముద్రం అవతల ఊళ్ళో ఆవిడ పెద్దక్క మంచాన పడింది. తల్లి పోయాక ఆవిణ్ణీ తమ్ముణ్ణీ పెంచింది ఆ పెద్దక్కే. తమ్ముడు వెళ్ళి చూసొచ్చాడు. ‘‘నిన్నే అడుగుతోందక్కా. ఎక్కువ రోజులు ఉండేలా లేదు, ఆలస్యం చెయ్యకు’’ అన్నాడు. విమానం తప్ప వేరే దారి లేదు.

‘‘వెళ్దాం, ఎవరొద్దన్నారు?’’ అన్నాడు కెప్టెన్. ‘‘కాకపోతే ఆ ఊరికి తిరిగే విమానం రకం వేరు. దాన్ని ఆటలో పెట్టుకుని నడిపి చూస్తాను. సంగతేమిటో తేలాక టికెట్లు తీస్తాను. ముందూ వెనకా చూసుకోకుండా ఎక్కి కూర్చుంటామా?’’

ఈయన నడిపి చూస్తే గానీ ఆ విమానం ఎగరదు కాబోలు! ఆవిడకి ఒళ్ళు మండింది. అయినా సరేనంది.

ఆ విమానం ఆటతో పాటు రాదు. విడిగా డౌన్‌లోడ్ చేసి, ఆట వెతుక్కునే ఫోల్డర్లో పెట్టాలి. పెట్టాడు. ఆటలో విమానాల లిస్టులో అది కనపడలేదు. సర్వరు పాడన్నాడు. యాంటీవైరస్ మింగేసిందన్నాడు. ఇంటర్నెట్లో ఎవరో పాపం, ‘ఫోల్డరు సరిగ్గా పెట్టారా అండీ?’ అని అడిగితే, ‘నాకు ఫోల్డర్లు నేర్పుతావా?’ అని వాడి మీద పడ్డాడు. ఆటకి ఆ విమానం తయారుచేసిన వాడికే విమానమంటే ఏమిటో తెలీదని తేల్చాడు. మూతలు బిగించిన చేతికి అన్నీ తెలుసు మరి!

చివరికి కంప్యూటర్లు బాగుచేసే తమ్ముణ్ణి ఆవిడే పిలిచింది. వాడొచ్చి చూసి పకపకా నవ్వాడు.

‘‘ఏం బావా, ఫోల్డర్లో ఫోల్డరు పెట్టావేమిటి? ఆట పైదాన్ని తెరిచి, విమానం లేదనుకుని వెళ్ళిపోతోంది. లోపలిదాన్ని ఇలా బయటికి లాగితే సరి.’’

లాగాడు. విమానం లిస్టులోకి వచ్చింది. కెప్టెన్ మొహంలో నెత్తురుచుక్క లేదు. బావమరిది నవ్వాడని రోషం కాబోలనుకుంది ఆవిడ.

మర్నాటికి విమానం మాయం. తమ్ముడు ఫోన్లోనే తిట్టుకుంటూ ఆటంతా తీసేయించి, మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాడు. వచ్చింది. తెల్లారేసరికి మళ్ళీ మాయం. అవతల పెద్దక్క ఫోన్లో మాట్లాడటం కూడా మానేసింది. నర్సు ఫోను చెవి దగ్గర పెడితే ఊపిరి మాత్రం వినపడేది.

ఆ పొద్దున ఆవిడ కాఫీ పట్టుకుని వెనకనుంచి వచ్చింది. కెప్టెన్ విమానం ఫోల్డర్ని మెల్లగా అక్కణ్ణించి లాగి, ‘పాత బిల్లులు’ అని రాసున్న ఫోల్డర్లో పడేస్తున్నాడు. తమ్ముడు చేస్తుండగా చూసింది కనక ఆవిడకి వెంటనే అర్థమైంది.

‘‘ఏమిటండీ ఇది?’’

కెప్టెన్ ఉలిక్కిపడ్డాడు. అప్‌డేట్ అన్నాడు, ఇంకేదో అన్నాడు. ఆవిడ కదలకుండా నిలబడేసరికి తల దించుకున్నాడు.

‘‘భయమే. తలుపు మూసేస్తారు, మధ్యలో దిగడానికుండదు. తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి.’’

‘‘ఆ ముక్క మొదటే ఏడవచ్చుగా! మా అక్క అక్కడ నా కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తుంటే, మీరిక్కడ విమానాన్ని బిల్లుల్లో దాస్తారా? సిగ్గు లేదూ?’’

‘‘నీకేం, నీకు భయం లేదు. ఎన్నయినా అంటావు.’’

‘‘నాకు లేదని ఎవరు చెప్పారు?’’ ఆవిడ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ‘‘నేను మాత్రం ఎప్పుడెక్కాను? మీ కోతలకి నవ్వుకుంటూనే, పోనీ ఈ మనిషి పక్కనుంటే ఏ చప్పుడెందుకొచ్చిందో చెప్తాడు, గుండె దిటవుగా ఉంటుందనుకున్నాను. అందుకే ఇన్నాళ్ళూ ఆగాను. ఆగి చచ్చాను!’’

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది. ‘‘ఒరేయ్, మొదట ఏ విమానం దొరికితే దానికి టికెట్ తియ్యి. రెండు కాదు, నాకొక్కదానికే.’’

గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచి చీరలు సర్దుకోవడం మొదలెట్టింది. కెప్టెన్ వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

‘‘లేచిన కాసేపటికి కింద ధడేల్మని చప్పుడొస్తుంది. చక్రాలు లోపలికి పోవడం అన్నమాట. కంగారు పడకు.’’

‘‘మీరు విన్నారా?’’

కెప్టెన్ మంచం మీద మిగిలిన చీర తీసి అందించాడు.

‘‘విని, వచ్చాక నేను చెప్తాను లెండి’’ అని ఆవిడ పెట్టె మూసింది.