నా కొడుకును బెంచీ మీద కూర్చోబెట్టిన వారం

పదిమంది మగాళ్ళు. అందులో ఇద్దరికి మనవలున్నారు, ఒకడు ఆదివారం చర్చిలో నిలబడి బైబిలు చదువుతాడు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వీళ్ళకు వేరే ధ్యాస ఉండదు. పొద్దున్నే ఫోను తీసి, నిన్న ఎవడు ఎన్ని కొట్టాడో, ఎవడు ఎన్ని పరుగులిచ్చాడో చూసుకుని, ఆ రోజు నవ్వాలో ఏడవాలో తేల్చుకుంటారు. పోనీ వీళ్ళేమన్నా మైదానంలో దిగుతారా అంటే, ఎల్డన్ హేబర్‌కు బూటు లేసు కట్టుకోవాలంటే ముందు కూర్చోవడానికి కుర్చీ కావాలి. అయినా అతనికి ఒక బేస్‌బాల్ జట్టుంది. వసంతంలో ఒకరోజు అందరూ చేరి, దేశంలోని అసలు ఆటగాళ్ళ పేర్లను వంతుల వారీగా పిలిచి పంచుకుంటారు. ఆ ఆటగాడు అక్కడ నిజంగా బాగా ఆడితే ఇక్కడ వీళ్ళకు పాయింట్లు వస్తాయి, చెడగొడితే పోతాయి. ఫాంటసీ లీగు అంటారు దీన్ని. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత వీళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

నా పేరు నెల్డా కుబిక్. ఒహాయోలో, మౌమీ నది ఒడ్డున మా ఊళ్ళో ఉన్న ఒక్క సెలూనూ నాదే. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరి మగాళ్ళ జుట్టు కత్తిరిస్తున్నాను కాబట్టి, వాళ్ళ బుర్రల్లో ఏముందో, ఎంత తక్కువుందో నాకు తెలిసినంత వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు. సోమవారం ఎల్డన్, పిల్లాడు పుట్టినంత సంబరంగా వచ్చేవాడు. అతని ఆటగాడెవడో రెండు హోమ్ రన్నులు కొట్టాడట. మంగళవారం అదే మనిషి మొహం వేలాడేసుకుని వచ్చి కూలబడేవాడు. ఎక్కడో సియాటిల్‌లో ఎవడికో తొడ కండరం పట్టేసిందట. ఇన్సూరెన్స్ చేయించే మనిషి, నలుగురు నమ్మి ఇల్లూ వాకిలీ చేతిలో పెట్టే మనిషి, ముక్కూ మొహం తెలియనివాడి తొడ గురించి కన్నీళ్ళు పెట్టుకునేవాడు!

ఇంత రొద దేనికయ్యా అంటే, ఒక సొట్టపడిన కాఫీ కెటిల్ కోసం. ఏటా గెలిచినవాడి పేరు దాని మీద మేకుతో గీకుతారు. దాన్ని ఏడాది పాటు ఇంట్లో కిటికీలో పెట్టుకోవచ్చు. థూ!

నా బాధ వేరే. వీళ్ళు పంచుకునే పేర్లలో నా కొడుకు పేరు కూడా ఉంది. వెస్ పిచర్. అంటే బంతి విసిరేవాడు. ఆరేళ్ళు చిన్న ఊళ్ళలో బస్సుల్లో తిరిగి, చల్లారిన శాండ్‌విచ్‌లు తిని, పోయినేడాదే పెద్ద లీగులోకి ఎక్కాడు. వాణ్ణి ఎల్డన్ తీసుకున్నాడు. అప్పట్నుంచి నెలకు రెండుసార్లు నా కుర్చీలో కూర్చుని, మెడకు నేను కట్టిన గుడ్డలోంచి తల బయటపెట్టి మాట్లాడేవాడు.

"మీవాడు నిన్న నా కొంప ముంచాడు నెల్డా. నాలుగు పరుగులిచ్చాడు."

"వాడు ఆడింది నీ కోసం కాదు ఎల్డన్."

"అది సరే, మరి పాయింట్లు పోయింది నాకు కదా. కాస్త కిందికి వెయ్యమని చెప్పవా తల్లీ."

కత్తి చేతిలో ఉన్న ఆడదానితో ఇలా మాట్లాడటానికి ఎంత బుద్ధి తక్కువై ఉండాలో చూడండి. ఆ కోపంతోనే నేనూ దిగాను. మే నెలలో ఓటిస్ ఇల్లమ్ముకుని ఫ్లోరిడా పోతే పదో జట్టు ఖాళీ అయింది. నేను తీసుకుంటానన్నాను. లీగును నడిపే గోర్డీ లెంట్జ్ నవ్వాడు. మొదటి రోజే ఎల్డన్‌కు నా జట్టులోని ఇద్దరు గట్టి బ్యాటర్లనిచ్చి వెస్‌ను అడిగాను. అప్పుడు ఊరంతా నవ్వింది. నాకేం? నా బిడ్డ పేరు ఆ మనిషి నోట్లోంచి బయటపడింది, అంతే చాలనుకున్నాను. ఆ పూట మాత్రం నాకు లీగు మీద వేరే ఆశ లేదు, ప్రమాణం చేసి చెప్పగలను.

నవ్విన నాపచేనే పండింది. జూన్‌లో వెస్ దుమ్ము దులిపాడు. మిగతా జట్టును కూడా కాస్త చూద్దామని ఫోను తీశాను. ఆ తర్వాత అన్నీ చూడటం మొదలుపెట్టాను. పొద్దున కాఫీ పొయ్యి మీద ఉండగా చూసేదాన్ని, ఒక తలకూ ఇంకో తలకూ మధ్య చూసేదాన్ని. మిల్వాకీలో వాన పడితే నాకిక్కడ చిరాకొచ్చేది. ఒకరోజు పాస్టరు గారి చెవి పక్కన జుట్టు పొట్టి చేసేశాను, నా ఫస్ట్ బేస్ ఆటగాడు నడుం పట్టుకుని కూర్చున్నాడని తెలిసి. గురివింద గింజకు తన కింద నలుపు కనపడదంటారు. నాకు కనపడింది కూడా. అయినా ఫోను పక్కన పెట్టలేదు.

సెప్టెంబరు వచ్చేసరికి పదిమందిలో ఇద్దరం మిగిలాం, నేనూ ఎల్డనూ. ఆఖరి వారం మా ఇద్దరికీ పోటీ. గెలిచినవాళ్ళదే కెటిల్.

ఆ వారం మొదలయ్యే ముందు ఆదివారం మధ్యాహ్నం వెస్ ఫోను చేశాడు.

"అమ్మా, ఎవరికీ చెప్పనంటేనే చెప్తా."

"చెప్పు నాయనా."

"మోచెయ్యి బాగోలేదు. బంతి వదిలాక రెండు వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి."

"డాక్టరుకు చూపించావా?"

"చూపిస్తే కోస్తారు. కోస్తే ఏడాది పోద్ది. నా వెనక ముగ్గురు నిలబడి ఉన్నారమ్మా, నేనెప్పుడు పడతానా అని. ఇంకా మూడు ఆటలే ఉన్నాయి. ఎలాగోలా లాగేస్తే వచ్చే ఏడు నా చోటు ఖాయమని మేనేజరే అన్నాడు. తర్వాత శీతాకాలమంతా ఉంది, చూపించుకుంటా."

చూపించుకోమని బతిమాలాను. వినలేదు. ఆరేళ్ళ బస్సులు గుర్తు చేశాడు. చివరికి ఒట్టేశాను, ఎవరికీ చెప్పనని. నోటితో చెప్పనూ లేదు.

మంగళవారం వాడి ఆట. సోమవారం ఆటలయ్యేసరికి ఎల్డన్ మీద నాకు పదకొండు పాయింట్లు ఎక్కువున్నాయి. వెస్ కిందటి ఆటలో నాకు పద్నాలుగు పోగొట్టాడు. ఇప్పుడు వేళ్ళు మొద్దుబారినవాడు ఎన్ని పోగొడతాడు? మంగళవారం పొద్దున వాడి మోచెయ్యి తలుచుకుని సింకు దగ్గర ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, ఫోను తీసి, ఆ రోజు జాబితాలోంచి వాణ్ణి తీసి బెంచీ మీద పెట్టాను. బెంచీ మీదున్నవాడు ఎలా ఆడినా పాయింట్లు లెక్కలోకి రావు. వాడి చోట్లో ప్రూయిట్ అనే కొత్త కుర్రాణ్ణి పెట్టాను. రెండు పనులకూ కలిపి పది నిమిషాలు పట్టలేదు.

మా లీగులో ఎవరి జాబితా అయినా అందరికీ కనపడుతుంది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఎల్డన్ జాబితాను నేను రోజుకు నాలుగుసార్లు చూసేదాన్ని.

మధ్యాహ్నం ఎల్డన్ గడ్డం చేయించుకోవడానికి వచ్చాడు. గోర్డీ తన వంతు కోసం బెంచీ మీద కూర్చుని డోనట్ తింటున్నాడు. ఎల్డన్ మొహానికి నురగ రాశాను. గుడ్డ కింద నుంచి ఫోను పైకి లేచింది.

"నెల్డా, ఇదేంటి? మీవాడు బెంచీ మీదున్నాడేంటి?"

"కదలకు. తెగుద్ది."

"తెగితే తెగనీ. ఇవాళ వాడి ఆట కదా!"

"అవతలి జట్టు గట్టిది. అందుకే."

"జూలైలో ఇంతకంటే గట్టి జట్టు మీద వేస్తే కూర్చోబెట్టలేదే? ఏడు పరుగులిచ్చిన రోజు కూడా ఉంచావు. గోర్డీ, ఇలా రా. మహాతల్లి కొడుకును తీసేసి ఎవడో ప్రూయిట్ గాణ్ణి పెట్టింది!"

గోర్డీ డోనట్‌తో సహా వచ్చి ఎల్డన్ భుజం మీంచి వంగి చూశాడు.

"వాడికేమన్నా దెబ్బ తగిలిందా నెల్డా?"

"నీ నోట్లో మన్ను పడ! వాడు గుండ్రాయిలా ఉన్నాడు."

ఎల్డన్ లేచి నిటారుగా కూర్చున్నాడు. నురగ చొక్కా మీద పడింది. "అయితే ఒక పని చెయ్యి. మా కళ్ళ ముందే వాణ్ణి మళ్ళీ జాబితాలో పెట్టు. ఒక్క నొక్కు. నేను నోరు మూసుకుంటా, గోర్డీ కూడా మూసుకుంటాడు."

నా ఫోను అద్దం ముందు, దువ్వెనల పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందేది. ఆ ఒక్క నొక్కుతో వాళ్ళ నోళ్ళు మూతపడేవి, వెస్ రహస్యం రహస్యంగానే ఉండేది. అది నాకు అప్పుడే, ఆ నిమిషంలోనే తెలుసు. ఏమీ తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు వీలు లేదు. పదకొండు పాయింట్లు. ఎల్డన్ మొహం. ఐదు నెలలు నవ్విన ఊరు. ఇవే కళ్ళ ముందు తిరిగాయి.

"నా జట్టు నా ఇష్టం," అన్నాను. "తల వెనక్కి పెట్టు."

ఎల్డన్ నవ్వాడు. గోర్డీ తన వంతు కూడా వదులుకుని వెళ్ళిపోయాడు. దారిలోనే వెస్ జట్టు అభిమానుల పేజీలో మా జాబితా బొమ్మ పెట్టి, కింద రాశాడు: "పిచర్ని కన్నతల్లే కూర్చోబెట్టింది. ఇక మీ ఇష్టం." అది వాడికి తమాషా. మూడింటికల్లా వేలమంది చూశారు. నాలుగున్నరకు, ఆట ముందు మేనేజరు మాట్లాడే చోట, ఎవరో విలేకరి నవ్వుతూ అడిగాడు, ఒహాయోలో మీ పిచర్ తల్లి అతన్ని నమ్మట్లేదట, మీకు తెలుసా అని. మేనేజరూ నవ్వాడట. జట్టు డాక్టరు మాత్రం నవ్వలేదు. వెస్‌ను లోపలికి పిలిచి, చెయ్యి చాపమని మోచేతి మీద వేలు పెట్టి నొక్కాడు.

ఐదూ ఇరవైకి పది ఫోన్లలోనూ ఒకేసారి వార్త పడింది. వెస్ కుబిక్, మోచెయ్యి, ఈ ఏడాదికి ఆట లేదు. గోర్డీ నాకు "అయ్యో" అని రాశాడు. ఎల్డన్ మాత్రం వెస్ బదులు ఎవడు విసురుతాడో కనుక్కుని, వాణ్ణి ఐదూ ఇరవై ఒకటికి తన జట్టులో వేసుకున్నాడు. అది ఎలా తెలుసంటారా? నేనూ వాడి కోసమే వెళ్ళాను. నిమిషం ఆలస్యమైంది.

వెస్‌కు ఆ సాయంత్రం, బుధవారం, గురువారం ఫోను చేశాను. ఎత్తలేదు. శుక్రవారం కోడలు ఎత్తి చెప్పింది. మోచేతి ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటు సగానికి పైగా చిరిగిందట, ఇంకో పాతిక బంతులు వేసుంటే పూర్తిగా తెగేదట. ఆపరేషను తప్పదు. వాడి చోటును, వెనక నిలబడ్డ ముగ్గురిలో ఒకడికి ఇచ్చేశారు.

ఆ పాతిక బంతుల మాట ఊళ్ళో పడింది. అంతే, నేను దేవతనైపోయాను. తల్లి మనసుకు తెలిసిపోతుందన్నారు. కొడుకు మాట కాదని చెయ్యి కాపాడిందన్నారు. ఆదివారం పాస్టరు గారు ప్రార్థనలో నా పేరు తీశారు. చెవి పక్కన జుట్టు ఇంకా పెరగలేదు పాపం. సన్నాసులు! ఎవరి మనసులో ఏముందో ఎంత బాగా తెలుసు వీళ్ళకు! నేను తల వంచుకుని కూర్చున్నాను. వాళ్ళు దాన్ని వినయం అనుకున్నారు.

ఆదివారం సాయంత్రానికి ఎల్డన్ మీద పందొమ్మిది పాయింట్లతో గెలిచాను. గోర్డీ వాళ్ళు కెటిల్ తెచ్చి సెలూన్లో నా ముందే మేకుతో పేరు గీకారు. వద్దని అనలేదు. ఒక అక్షరం వంకర పోతే సరిచెయ్యమన్నాను కూడా.

సోమవారం వెస్ ఫోను చేశాడు. ఆపరేషను బుధవారమట. గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది.

"అందరూ నువ్వు నా చెయ్యి కాపాడావంటున్నారమ్మా. జట్టులో వాళ్ళు కూడా."

"వాళ్ళ మాటలకేంలే నాయనా."

"నేనూ అదే అనుకుందామని చూస్తున్నా. ఒక్కటి చెప్పు. నన్ను తీసేశాక ఆ చోటు ఖాళీగా వదిలేశావా, ఎవర్నన్నా పెట్టావా?"

అబద్ధం చెప్పొచ్చు. జాబితా వాడి ఫోనులో కూడా కనపడుతుందని గుర్తొచ్చింది.

"ప్రూయిట్‌ను పెట్టాను."

 

"ఎంతమందిని అవుట్ చేశాడమ్మా, బ్యాటుకు బంతి తగలకుండా?"

"తొమ్మిది మందిని," అన్నాను. గుర్తు తెచ్చుకోవాల్సిన పని కూడా లేకపోయింది.