ఈదమ్మ బర్రెకు ప్రకటన

మహబూబ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఒక మిద్దె మీద నడిచే చిన్న కాలేజీలో రోజారమణి ప్రజాసంబంధాలు, ప్రకటనల కోర్సు చదువుతోంది. నారాయణపేటలో మగ్గం నేసే నాయిన వెంకటనర్సుకు ఆ చదువు పేరు నోరు తిరగదు. అందుకని ఎవరడిగినా "మైకుల చదువు" అనేస్తాడు. అది వింటే రోజారమణికి నామోషీగా ఉండేది.

ఆ ఏడు కోర్సులో పిల్లలు బాగా తగ్గిపోయారు. వచ్చే ఏడు ఉంటుందో ఎత్తేస్తారో తెలియదు. పాఠాలు చెప్పే దినేశ్ సారు ఒక ఉపాయం ఆలోచించారు.

"ఒక్కరోజు ఊరోళ్లకు పైసా తీస్కోకుండ ఉత్తగనే ప్రకటనలు చేసిపెడదాం. మనమేం చదువుతున్నమో అందరికీ ఎరుకైతది" అన్నారు.

ఆటో నడిపే పర్వతాలు మైకు కట్టుకుని ఆ కబురు ఊరంతా తిప్పాడు.

ఆ రోజు టైలరు వచ్చాడు, హోటలాయన వచ్చాడు, గాజుల కొట్టామె వచ్చింది. వాళ్లను మిగతా పిల్లలు పంచేసుకున్నారు. రోజారమణి వంతుకు తలుపు దగ్గర బెదురుగా నిలబడ్డ ముసలామె ఒక్కతే మిగిలింది. పేరు ఈదమ్మ.

"నా బర్రె తప్పిపోయింది బిడ్డా. నిన్నటి సంది కానొస్తలేదు. గీడ ప్రకటనలు చేస్తరంట గదా, జర నాక్కూడ చెయ్యి."

"ఎట్లుంటది అవ్వా?"

"నల్లగుంటది."

గది గదంతా నవ్వింది. రోజారమణికీ నవ్వు పొంగుకొచ్చింది గానీ, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ఆ కళ్లు చూసి ఆపుకుంది. ఫోన్లో దొరికిన ఒక బర్రె బొమ్మ పెట్టి, "కనబడుటలేదు" అని పోస్టరు చేసి చూపించింది.

ఈదమ్మ తేరిపార చూసి, "గిది మా గౌరి కాదు గదా బిడ్డా!" అంది.

రోజారమణి ఆ పోస్టరు చెరిపేసింది. "పిలిస్తే వస్తదా అవ్వా?"

"నా గొంతు ఇంటే చాలు, ఏడున్నా ఉరికొస్తది. పిలిచి పిలిచి గొంతు పోతాంది."

"అయితే ప్రకటన మనుషులకు ఎందుకు? గౌరికే చేద్దాం!"

రోజారమణి ఈదమ్మ గొంతు ఫోన్లో ఎక్కించింది. "ఓ గౌరీ! రాయే నా తల్లీ! కుడితి పెట్టిన, రాయే!" ఆ పిలుపు మైకులో మళ్లీ మళ్లీ మోగుతుండగా, పర్వతాలుతో కలిసి ముగ్గురూ అతని ఆటోలో బయలుదేరారు. దారి పొడవునా జనం నవ్వారు, ఫోన్లు తీసి వీడియోలు పట్టారు. రోజారమణి సిగ్గుతో చున్నీ ముఖానికి చుట్టుకుంది.

బైపాసు దాటి, సగం కట్టి వదిలేసిన ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి, ఒక గోడ వెనక నుంచి పెద్ద అరుపు వినిపించింది. తోక పైకెత్తి పరుగెత్తుకొచ్చిన గౌరి, ఆటో దిగి ఎదురుగా నిలబడ్డ ఈదమ్మను వదిలేసి మైకును నాకడం మొదలుపెట్టింది.

"ఓ గౌరీ, నేనీడున్ననే!" అని ఈదమ్మ దాని మెడ కావలించుకుని ఒకేసారి ఏడ్చింది, నవ్వింది. రోజారమణి చున్నీ విప్పేసి గట్టిగా చప్పట్లు కొట్టింది.

జనం తీసిన ఆ వీడియోలు పాలమూరంతా తిరిగాయి. ఎండాకాలం పోయి కాలేజీలు తెరిచేసరికి కోర్సు నిలబడడమే కాదు, బెంచీలు చాలక పక్క గది నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. కొత్త పిల్లలకు దారి చూపిస్తున్న రోజారమణి దగ్గరికి ఒకరోజు పర్వతాలు వచ్చాడు.

"అందరి ప్రకటనలు నేనే తిప్పుతున్న చెల్లే. నా ఆటోకు మాత్రం ఒక్కటి లేదాయె."

"కూసో అన్నా" అంటూ ఆమె కుర్చీ లాగింది. "నీ ఆటో సంగతి మొదటి నుంచి చెప్పు."