నడిచి ఎక్కినవాళ్ళకు వర్తించదు

గురువారం వచ్చిందంటే అమెరికా కొండల్లోని మా స్లేటర్స్ గ్యాప్ ఊరి ఆడవాళ్ళంతా చర్చి కింది వంటగదిలో చేరి పెరోగీలు చేస్తారు. పిండిని పల్చగా ఒత్తి, నడుమ ఉడికిన బంగాళాదుంపా చీజూ పెట్టి, కజ్జికాయలకు నొక్కినట్టు అంచులు నొక్కుతారు. వాటిని డజన్ల లెక్కన అమ్మగా వచ్చిన డబ్బు ఊరి అంబులెన్సుకు పోతుంది. డీజిలు, టైర్లు, ఆక్సిజన్ సిలిండర్లు అన్నీ అందులోంచే. ఇది కాక ప్రతి వసంతంలోనూ ఇంటింటికీ ఒక ఉత్తరం వస్తుంది. ఇంటికి అరవై డాలర్లు చందా కట్టండి, మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్తే బీమావాళ్ళు ఇచ్చింది పోను మిగతాది మేం అడగం అని అందులో ఉంటుంది. ఊళ్ళో చందా కట్టని ఇల్లు లేదు.

ఈ అంబులెన్సుకు ఒక అలవాటుంది. ఎవరికి ప్రాణం మీదికి రాబోతోందో వాళ్ళింటి ముందుకు కాస్త ముందుగానే వెళ్ళి ఆగుతుంది. ఎవరూ ఫోను చెయ్యక్కర్లేదు. గరాజులో దానంతట అదే స్టార్టవుతుంది. డ్యూటీలో ఉన్న అంబులెన్సు పిల్లలు, లియో మాటులిస్, అతని జోడీ, తింటున్న తిండి వదిలేసి ఎక్కాలి, లేకపోతే వాళ్ళను వదిలేసి వెళ్ళిపోతుంది. పాత బండి అమ్మేసి కొత్తది కొన్నప్పుడూ ఈ అలవాటు పోలేదు.

బండి ఇంటి ముందు ఆగితే ఏం చెయ్యాలో మా ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొయ్యి కట్టేయాలి. కుక్కను పక్కింట్లో అప్పజెప్పాలి. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, నడిచి వెళ్ళి ఎక్కాలి. ఇళ్ళన్నీ కొండవాలు మీదివి, రోడ్డు నుంచి గుమ్మానికి బోలెడు మెట్లు. కాళ్ళాడుతుండగా మంచం మీద పడుకుని, జీతం లేకుండా పనిచేసే ఆ పిల్లల చేత మోయించుకోవడం మర్యాద కాదని పెద్దవాళ్ళ పద్ధతి.

పోయిన శరదృతువులో బండి వెర్నా యుర్కానిన్ ఇంటి ముందు ఆగింది. వెర్నా ఒంటరి ముసలావిడ. వయసంతా చొక్కాల మిల్లులో కాలర్లు కుట్టింది. ఆ పూట అందరిలాగే పొయ్యి కట్టేసి, పళ్ళసెట్టు పెట్టుకుని, హ్యాండుబ్యాగు చంకన పెట్టుకుని మెట్లు దిగి ఎక్కింది. బండి వంతెన దాటకముందే ఆమె గుండె ఆగింది. లియో పక్కనే ఉన్నాడు కాబట్టి మళ్ళీ కొట్టుకుంది.

ఇంటికొచ్చాక బిల్లొచ్చింది. పదహారు వందల డాలర్ల పైమాటే.

బిల్లుల పని అప్పటికి ఊరివాళ్ళ చేతుల్లో లేదు. పట్నంలో ఒక కంపెనీకి అప్పగించారు. వెర్నా వాళ్ళకు ఫోను చేసింది. అవతల ఒక అమ్మాయి చాలా మెత్తగా మాట్లాడింది. మీరు బండి దాకా ఎలా వెళ్ళారని అడిగింది. నడిచే వెళ్ళానంది వెర్నా. అప్పుడు నొప్పేమైనా ఉందా అంటే లేదంది. అయితే మీరు మామూలు కారులోనైనా వెళ్ళగలిగేవారు, అంబులెన్సు అవసరమైనట్టు కాదు, అవసరం లేనిదానికి బీమా ఇవ్వదు, బీమా ఒప్పుకోనిదానికి మీ చందా వర్తించదు అని ఆ పిల్ల వివరించింది.

"కారులో వెళ్ళుంటే చచ్చిపోయేదాన్ని కదమ్మా," అంది వెర్నా.

"అర్థమైందండీ. కానీ మీరు నడిచారు కదా."

ఈ ముక్క ఊరంతా పాకింది. గురువారం వంటగదిలో పిండి మీద పడ్డ గుద్దులకు బల్లలు కదిలాయి. తలా ఒక మాట అన్నారు. వెర్నా మాత్రం నెలనెలా ఇంత అని కట్టడం మొదలుపెట్టింది. చలికాలమంతా వంటింట్లో తప్ప ఇంకెక్కడా హీటరు వెయ్యలేదు. రెండోసారి వస్తే క్షణం ఆలస్యమైనా కష్టమని గుండె డాక్టరు చెప్పాడు. వెర్నా ఇంటికొచ్చి పక్కింటి రెజీనాతో అన్నదిది: ఇక మీదట నేను పడితేనే ఆ బండెక్కుతాను, నడిచి ఎక్కను.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం బండి మళ్ళీ ఆమె ఇంటి ముందే ఆగింది.

లియో మెట్లెక్కి వచ్చేసరికి వెర్నా ముందుగదిలో, కిటికీ దగ్గర, తన వాలుకుర్చీలో కూర్చుని ఉంది. లియోకు నామకరణం నాడు చర్చిలో ఎత్తుకున్నది ఆవిడే.

"అత్తా, లే. బండొచ్చింది."

"చూశాను. కళ్ళు బాగానే ఉన్నాయి. ఇంకా నొప్పి లేదు, చెమట లేదు. పడ్డాక రా."

"పడ్డాక నేనేం చెయ్యలేకపోవచ్చు."

"ఆ సంగతి నాకెందుకు చెప్తావురా, ఫోనులో ఆ పిల్లకు చెప్పు."

ఈలోగా రెజీనా వచ్చింది, ఆమె వెనకే వీధి వీధంతా వచ్చింది. కుర్చీతో సహా ఎత్తుకుపోదామన్నారు కొందరు. మోసుకొచ్చామని రాసేస్తాను, ఎవరడుగుతారు అన్నాడు లియో. వెర్నా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"నడవగలిగినదాన్ని మోసుకొచ్చామని సంతకం పెడతావా? రేపు ఎవడో లెక్కలు తిరగేస్తాడు, నీ లైసెన్సు పోతుంది. ఇన్నేళ్ళు చందా కట్టానురా. ఇన్ని వేల పెరోగీలు నొక్కాను. నిజం చెప్పి ఎక్కలేని బండికా ఇదంతా చేసింది?"

లియో మందుల సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రెజీనా గడియారం చూసింది, చూసినందుకు సిగ్గుపడి తల తిప్పుకుంది. ఏం చెయ్యాలో తెలిసిన మనుషులున్నారు, చెయ్యడానికి సామానుంది, మెట్ల కింద బండి ఉంది. అయినా ఒక వీధి జనం, తమ కళ్ళ ముందు పెద్దావిడ ఎప్పుడు కూలుతుందా అని ఎదురుచూస్తూ నిలబడాల్సి వచ్చింది. కూలితేనే కాయితం ఒప్పుకుంటుంది. ఎవరికోసం రాశారో ఈ నియమం అని ఎవరో గొణిగారు. ఏడవలేక తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

అప్పుడు కింద ఇంజను చప్పుడు మారింది.

బండి రోడ్డుకు అడ్డంగా తిరిగింది. వెనక వైపు ఇంటికి పెట్టి, రివర్సులో గేటులోకి వచ్చింది. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు. గేటు ఒక పక్కకు ఒరిగింది. వెనక చక్రాలు మొదటి మెట్టెక్కాయి, తర్వాత రెండోది. జనం దారిచ్చారు. బీరువా మోసుకొచ్చేవాళ్ళకు అడ్డం తీసినట్టు రెజీనా పూలకుండీలు పక్కకు జరిపింది. లియో వరండా అంచున నిలబడి చెయ్యూపుతూ, కొంచెం ఎడమకు, ఇంకొంచెం, రానీ రానీ అని దారి చూపించాడు. వరండా స్తంభం ఒకటి విరిగింది. తలుపు, దాని చుట్టూ ఉన్న చట్రం, పక్కన మూరెడు గోడ నెమ్మదిగా లోపలికి జరిగి, తివాచీ మీద పడుకున్నాయి.

"ఆ చక్రాలు చూడండి," అంది వెర్నా. "నిన్ననే దులిపానా తివాచీ. తుడుచుకుని రమ్మనండి దాన్ని."

బండి వెనక తలుపులు తెరుచుకున్నాయి. చాపను తలుపు కిందకు తోసినంత సులువుగా, బండి నేల వాలుకుర్చీ కిందకు దూరింది. కుర్చీ కదల్లేదు. వెర్నా పాదాలు కదల్లేదు. ఆమెను ఎవరూ ముట్టుకోలేదు. కానీ ఇప్పుడామె చుట్టూ ఆక్సిజన్ సిలిండర్లూ, మందుల అరలూ ఉన్నాయి. ఆమె చుట్టూ ఒకసారి చూసి, ఏదో అనబోయి, ఛాతీ మీద చెయ్యి వేసుకుంది.

లియో అప్పటికే లోపలున్నాడు.

ఆస్పత్రిలో ఆమెను లోపలికి తీసుకెళ్ళాక, ప్రయాణం వివరాలు నమోదు చేసే అమ్మాయి లియోను ఆపింది. పేషెంటు నడిచి ఎక్కారా అని అడిగింది. లేదన్నాడు. మోసుకొచ్చారా అంది. లేదన్నాడు.

"మరెలా ఎక్కారు?"

"ఎక్కలేదు. కుర్చీలోంచి లేవలేదు. బండే ఆవిడ దగ్గరకెళ్ళింది."

ఆ అమ్మాయి వాళ్ళమ్మది పక్క లోయే, ఈ బండి అలవాటు ఆమెకు తెలిసిందే. "వరండా దాకానా, ఇంట్లోకా?" అని మాత్రం అడిగింది.

"ముందుగదిలోకి."

అలాగే రాసుకుంది.

కాదనడానికి బీమావాళ్ళకు ఏ సాకూ దొరకలేదు. వాళ్ళు తమ వంతు కట్టారు, మిగతాది చందాలో పోయింది. వెర్నా గుండె రక్తనాళంలో స్టెంటు అనే చిన్న తీగచుట్ట ఒకటి పెట్టి ఇంటికి పంపారు. పట్నం కంపెనీ మాత్రం ఊరుకోలేదు. అంబులెన్సు వెనక బంపరు గీసుకుపోవడానికి కారణమేమిటో తెలపండని ఉత్తరం రాసింది. నడవగలిగినవాళ్ళెవరైనా ఉంటే మెట్లెక్కి వచ్చి చూసుకొమ్మని వెర్నా జవాబు రాయించింది.

గోడ పూడ్చడానికి వడ్రంగి వచ్చాడు. పూడ్చొద్దు, ఇంత వెడల్పుకీ రెండు రెక్కల తలుపు బిగించు అందామె. ఆ వారమే రెజీనా కూడా తన ఇంటికి అలాంటిదే కావాలంది. వేసవి వచ్చేసరికి, మెట్లు పగలగొట్టి ఏటవాలు దారులు పోసే సిమెంటు చప్పుడుతో వీధి మోగిపోయింది. ఆదివారం ప్రార్థన కాగానే జనం టేపులు పట్టుకుని గరాజుకు వచ్చి, పక్క అద్దాలతో కలిపి అంబులెన్సును ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలుచుకుని వెళ్ళేవాళ్ళు. కొలుస్తున్నంతసేపూ అది కదలకుండా నిలబడేది.