తగిలినవాళ్ళే చెప్పాలి

మంచును ఫ్రిజ్‌లో తప్ప ఎరగని తార్నాకలో శశిభూషణ్ కర్లింగ్ క్లబ్బు పెట్టి ఎనిమిదేళ్ళయింది. యూనివర్సిటీ హాల్లో నున్నటి గచ్చు మీద, అడుగున చక్రాలున్న రాళ్ళను తోసి, గీసిన వలయం నడుమకు చేర్చడమే ఆట. అంపైరుండడు. కదిలే రాయికి ఎవరి కాలు తగిలితే వాళ్ళే చెప్పుకోవాలి, ఇంకొకరు వేలెత్తి చూపకూడదు. కాలు తగిలిన రాయి లెక్కలోకి రాదు. ఆ నియమం పెట్టిందీ, కొత్తవాళ్ళకు క్లబ్బు చరిత్రలాగా వినిపించేదీ ఆయనే.

ఈమధ్య సాయంత్రాలు ఆ హాలు తమకివ్వమని విద్యార్థులు అడిగారు. క్లబ్బుతో ఆడి తేల్చుకోమన్నారు యూనివర్సిటీవాళ్ళు.

ఆఖరి రాయి శశిభూషణ్ భార్య వేదవతి వేసింది. అది పక్కకు పోతుంటే, వెంట నడుస్తున్న ఆయన బూటు దాన్ని కాస్త నెట్టింది. రాయి బుద్ధిగా నడుమకొచ్చి ఆగింది. చూసింది వేదవతి ఒక్కతే. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

“మీరే గెల్చిన్రు ఆంటీ,” అంది విద్యార్థుల కెప్టెన్ అనూష, చిన్నబోయిన ముఖంతో.

వేదవతి ఆయన నోటివైపు చూసింది. కూరలో ఉప్పు తగ్గితే ఊరుకోని నోరది. ఇప్పుడు మూసుకునే ఉంది.

“లేదమ్మా, నా కాలు తగిలింది. ఆ రాయి తీసెయ్యండి.”

“నువ్వు ఆ చివరుంటే నీ కాలెలా తగుల్తుందే?” శశిభూషణ్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

“మరెవరిది తగిలిందంటారు?”

ఆయన మళ్ళీ కళ్ళద్దాలు తీశాడు. అనూష ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రాయి తీసి పక్కన పెట్టింది. హాలు విద్యార్థులదైంది.

వేదవతి ఆయన వెనక స్కూటరెక్కింది. లాలాపేట్ దాకా కనబడేది ఆయన వీపే. ముఖం చూడాల్సిన పని ఇంటికి చేరేదాకా లేదు.