ఏటికి అడ్డం కట్టిన పడవలు

'చేపలు గుడ్లు పెట్టే కాలం. ఏట్లో దిగరాదు' అని రాసిన బోర్డు కిందే కాపలావాడు ముసలి మామను రెక్క పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు. మామ చేసిన నేరం మొహం కడుక్కోవడం. ఆయన వెనక కాంట్రాక్టరు మోటారు బోటు విహారానికి వచ్చినవాళ్ళను ఎక్కించుకుని, నీళ్ళను కుళ్ళబొడుస్తూ గిరగిరా తిరుగుతోంది.

కంచె ఇవతల నిలబడి వదిన ఇదంతా చూసింది. జాలరిపేటలో చిన్నాపెద్దా అందరికీ ఆమె వదినే, ఆయన మామే.

ఈ కాలంలో ఏటి జోలికి పోవద్దని ఆ పేటకు ఒకరు చెప్పనక్కర్లేదు. తాతల నాటి కట్టడి అది. చేప గుడ్లతో ఉన్నన్నాళ్ళూ పడవలు ఒడ్డున బోర్లించి, ఇటుకబట్టీలకు కూలికి పోతారు. నిరుడు సొంత మరిది దొంగచాటుగా వల వేస్తే, వదినే పదిమందిలో నిలబెట్టి కడిగేసింది. ఈసారి కూలికి పోయి వచ్చేలోపు ఒడ్డంతా కంచె లేచింది. బోర్లించిన పడవల ఫొటోలు తీసి, ఈ ఒడ్డు ఎవరికీ అక్కర్లేదని అధికారి తేల్చేశాడు. నదీ సంరక్షణ, విహార కేంద్రమని పేరుపెట్టి కాంట్రాక్టరు చేతిలో పెట్టాడు. వాళ్ళ మంచితనమే వాళ్ళ కొంప ముంచింది.

సాయంత్రం పేటంతా వలల పాకలో కూడింది.

"పడవలు దించి బోట్లకు అడ్డం పెడదాం" అన్నాడు మరిది.

"కట్టడి ఉందిగా. మనమే గుడ్లు పాడుచేస్తామా?" అన్నాడు మామ.

"వాళ్ళ బోట్లు గుడ్లను చిదిమేస్తుంటే మనం కట్టడి పట్టుకుని కూర్చోవాలా మామా? వదినకు నన్ను కడగడం వచ్చు. ఆ కాంట్రాక్టర్ని కడగమను."

అందరూ వదిన వైపు చూశారు.

"నిన్ను తిట్టింది చేప బతకాలనేరా" అంది వదిన. "మనం దూరంగా ఉంటే బతుకుతుందనుకున్నాం. మనం లేని చోట వీళ్ళు దిగారు. ఇంక దూరంగా ఉంటే అది మన తప్పే. వలలు వద్దు. గుడ్లుండే గడ్డి వైపు పోవద్దు. బోటు దారి మూసేద్దాం."

తెల్లారి కంచె తెగింది. పడవకు పడవ కట్టి, ఏటికి అడ్డంగా నిలబెట్టారు. అధికారి పోలీసులనూ కాంట్రాక్టరునూ వెంటబెట్టుకొచ్చాడు.

"గుడ్ల కాలంలో నీళ్ళలో దిగినందుకు మీ అందరి మీదా కేసు" అన్నాడు.

"మరి ఆ బోటు మీద?" అంది వదిన.

"దానికి అనుమతి ఉంది."

"ఎవరిచ్చారు బాబూ, చేపలా?"

పడవల్లో నవ్వు లేచింది. కాంట్రాక్టరు మొహం మాడింది. పోనివ్వమని బోటువాడికి చెయ్యి ఊపాడు. బోటు సూటిగా వచ్చి మరిది పడవను గుద్దింది. పడవ విరిగి తాడు తెగింది. మరిది కిందపడి బోటు కిందికి పోయాడు. పైకి తేలేసరికి ప్రాణం లేదు.

 వదిన కొడుకులా పెంచిన మరిది వాడు. మామ ఆమె పడవలోకి ఎత్తిన ఆ శవం తలను ఒళ్ళో పెట్టుకుని గొంతు పోయేలా ఏడ్చింది.

"ఇది ప్రమాదం. పడవలు తీసేయండి, శవాన్ని ఆసుపత్రికి పంపిద్దాం" అన్నాడు అధికారి మెల్లగా.

ఒక్క పడవా కదల్లేదు.

"మా వాణ్ణి మేం తీసుకెళ్తాం. ముందు మీ బోట్లు తియ్యండి" అంది వదిన.

పోలీసులు లాఠీలు పట్టుకుని నీళ్ళలోకి దిగారు. వదిన కళ్ళు తుడుచుకుని లేచింది. తన పడవను మరిది పడవ విరిగిన సందులోకి తోసి, తెగిన తాడు రెండు కొసలూ ముడేసింది. తెగిన కంచె దాటి, పేటవాళ్ళతో పనిచేసే ఇటుకబట్టీ కూలీలు ఒక్కొక్కరే పడవల వైపు ఏట్లోకి దిగుతున్నారు.