మండపేట కాలవ రేవులో ఆఖరి పెట్టె

వెంకటదుర్గ రాజమండ్రి బస్సు కాంప్లెక్సులో రిజర్వేషన్ కౌంటర్ వెనక ఇరవై ఏడేళ్ళు కూర్చుంది. జనాన్ని ఊళ్ళకి పంపడమే గానీ తను వెళ్ళింది లేదు. ద్రాక్షారామం ఎన్ని కిలోమీటర్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేది, గుడి ఎలా ఉంటుందంటే మాత్రం నోరు పెగిలేది కాదు. అలాంటి మనిషికి యాభై మూడో ఏట లెటర్‌బాక్సింగ్ పిచ్చి పట్టుకుంది.

పేరు చూసి పోస్టు డబ్బా అనుకునేరు, ఉత్తరాలతో దీనికేం పని లేదు. చూడదగ్గ చోట్లల్లో ఏటా ఒకరు చిన్న పెట్టెలు దాస్తారు. ఒక్కో పెట్టెలో ఒక రబ్బరు ముద్ర, ఒక పుస్తకం ఉంటాయి. మిగతావాళ్ళు ఆనవాళ్ళ కాగితం పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, ఆ ముద్ర తమ పుస్తకంలో వేసుకుని, తమ సొంత ముద్ర అక్కడి పుస్తకంలో వేసి, పెట్టెని మళ్ళీ అక్కడే దాచి రావాలి. ఆఖరి పెట్టె ముందుగా ఎవరికి దొరికితే వచ్చే ఏడాది పెట్టెలు దాచే వంతు వాళ్ళది. జనాన్ని ఏ దారిన తిప్పాలో వాళ్ళిష్టం. దుర్గకి కావలసిందల్లా అదే. తన కౌంటర్లో ఏనాడూ ఎవరూ టిక్కెట్టు అడగని, నది మధ్య లంక ఊళ్ళు పన్నెండు ఏరి పెట్టుకుంది. వాటిని నలుగురికీ చూపించాలని ఆవిడకి ఒకటే తహతహ.

అడ్డమల్లా సురేష్‌బాబు ఒక్కడే. విశాఖపట్నం మనిషి, పెద్ద కారు, ఫోన్ నిండా మ్యాపులు. ఇప్పటికి రెండుసార్లు గెలిచాడు. రెండుసార్లూ అందర్నీ రిసార్టుల చుట్టూ తిప్పి ఊరుకున్నాడు.

పోయినేడు గెలిచింది డ్రాయింగ్ మాస్టారు జీవరాజు గారు. ఆయన మే నెల మొదట్లో నాలుగు పెట్టెలు దాచి, జూన్ రెండో ఆదివారం పొద్దున్నే ధవళేశ్వరంలో ఆనవాళ్ళ కాగితాలు పంచారు. దుర్గ పక్కింటి హెలెన్ స్కూటీ వెనకెక్కింది. ఆనకట్ట దగ్గర రెండు పెట్టెలు దొరికాయి. మూడోది ద్రాక్షారామం గుడి బయట పూలకొట్టు బల్ల కింద ఉంది. ముద్ర పడగానే హెలెన్ బండి స్టార్ట్ చేసింది. దుర్గ మాత్రం చెప్పులు విప్పింది.

"దుర్గక్కా, సురేష్‌బాబు గారు మండపేట వెళ్ళిపోయుంటారు!"

"వెళ్ళనీవే. ఇన్నేళ్ళూ టిక్కెట్లు కొట్టి చూడని గుడి, గుమ్మం దాకా వచ్చి చూడకుండా పోతానా?"

భీమేశ్వరుణ్ణి కిందా చూసింది, మెట్లెక్కి పై అంతస్తులోంచీ చూసింది. తృప్తిగా, అరగంట ఆలస్యంగా బయటికొచ్చింది.

నాలుగో పెట్టె మండపేట కాలవ మీద, పేరు చెప్పినా మీకు తెలియని ఓ చిన్న ఊరి రేవులో ఉంది. "రేవు అడుగు మెట్టు నుంచి పదకొండో మెట్టు. పక్క గోడలో వదులు ఇటుక." అంతే రాశారు మాస్టారు. వీళ్ళు వెళ్ళేసరికి సురేష్‌బాబు చొక్కా చేతులు పైకి మడుచుకుని పైమెట్టు దగ్గర గోడ తడుముతున్నాడు. దుర్గ కూడా నీటి అంచు నుంచి లెక్కపెట్టింది. పదకొండోది ఆ పైమెట్టే.

"లేదండీ, గంట నుంచి చూస్తున్నా. మాస్టారే తప్పు రాసుంటారు. ఎండగా ఉంది, మీరలా నీడన కూర్చోండి మేడమ్. దొరికితే పిలుస్తాను," అన్నాడతను.

ఆ పిలుస్తానన్న మాట దుర్గకి చురుక్కున తగిలింది. పిలిపించుకోవడానికా ఇంత దూరం వచ్చింది?

కింద బట్టలుతుకుతున్న ఆ ఊరి లోవమ్మకి ఒళ్ళు మండింది. "మా రేవు గోడ పీకేస్తారేంటండీ బాబూ! కాలవకి నీళ్ళొదిలి వారం కాలేదు. ఇన్నాళ్ళూ బోరింగు దగ్గరే బాదుకున్నాం. ఇప్పుడు మీ గోలొకటా?"

దుర్గ నుదురు కొట్టుకుంది. మే నెలలో కాలవ కట్టేసి ఉంటుంది! మాస్టారు పెట్టె దాచిన రోజున రేవు అడుగుదాకా ఎండి ఉంది. ఆయన రాసిన అడుగు మెట్టు ఇప్పుడు నీళ్ళలో ఉంది. కాలవల సీమలో పుట్టి పెరిగి కూడా విశాఖపట్నం ఆయనలాగే లెక్కపెట్టింది తను. సిగ్గేసింది, ఆ వెనకే నవ్వొచ్చింది.

"కాస్త చెయ్యియ్యమ్మా," అని లోవమ్మని అడుగుతూ చీర ఎగదోపి నీళ్ళలోకి దిగింది.

"అక్కా, పాచి! జారతావ్!" అని హెలెన్ అరుస్తూనే ఉంది. దుర్గ అరికాలితో తడిమి ఒక్కో మెట్టూ లెక్కపెట్టుకుంటూ దిగింది. ఆరో మెట్టు మీద నీళ్ళు నడుం దాటాయి. ఇంకో అడుగు వేస్తే ఇసక తగిలింది. నీళ్ళలో ఆరు, బయట ఐదు. తడిచీర ఈడ్చుకుంటూ పైకొచ్చి, ఐదో మెట్టు మీదున్న లోవమ్మ బకెట్ పక్కకి జరిపింది. దాని వెనక ఇటుక చెయ్యి పెట్టగానే ఊడొచ్చింది.

పెట్టెలో పుస్తకం మొదటి పేజీ తెల్లగా ఉంది. తానే చెక్కుకున్న కొంగ ముద్ర దాని మీద గట్టిగా నొక్కింది దుర్గ. ఇరవై ఏడేళ్ళలో ఇంత గర్వం ఆవిడ ఎరగదు. హెలెన్ ఈల వేసింది. విషయమేంటో తెలియకపోయినా లోవమ్మ కూడా చప్పట్లు కొట్టింది.

సురేష్‌బాబు మెట్లు దిగొచ్చి ఆ కొంగని చూశాడు. మనిషి మంచివాడే, చేతులు జోడించాడు. "ఒప్పుకున్నానండీ. మరి వచ్చే ఏడాది ఎక్కడికి తీసుకెళ్తారు?"

దుర్గ చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ తలెత్తింది.

"కారు మాత్రం ఇంటి దగ్గరే పెట్టి రండి సురేష్‌బాబు గారూ. మొదటి పెట్టెకే పడవెక్కాలి."