యాభై తూటాలు విప్పిన రోజు

మా పెళ్ళయిన మొదటి శీతాకాలం, అంటే డెబ్బై ఒకటిలో, ఐవర్ మామయ్య మా వంటింటి బల్లకు ఒక ఇనప మరను బిగించాడు. బల్లకి నాలుగు చిల్లులు పెడుతున్నానని మాటవరసకైనా అనలేదు.

"మామయ్యా, ఇది భోజనాల బల్లా, రంపపు మిల్లా?" అన్నాను.

"ఇకనుంచి రెండూను. నీ రొట్టెలు అటు చివర చేసుకో, అమ్మాయ్."

ఐవర్ మామయ్య మా ఆయన ఎల్డన్‌కి స్వయానా బాబాయి. పెళ్ళి చేసుకోలేదు. నలభై ఏళ్ళు కంచరగాడిదల మీద సామాన్లు కట్టి, ఆగస్టా ఊరి పడమటి కొండల్లోకి తోలుకెళ్ళి, తుంటి ఎముక అరిగిపోయాక మా పక్కన చిన్న ఇంట్లో ఉండేవాడు. అతను వదిలేసిన పనినే ఎల్డన్ అందుకున్నాడు. మే నెలాఖరున వెళితే మళ్ళీ అక్టోబరులోనే రావడం. నడుముకి పెద్ద రివాల్వర్ ఒకటి, ఫార్టీఫోర్ మాగ్నం, ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. ఆ కొండల్లో బూడిదరంగు ఎలుగుబంట్లు ఉన్నాయి. కాలు విరిగిన గాడిద కళ్ళముందు బాధపడుతుంటే చూస్తూ ఊరుకోలేని సందర్భాలూ ఉన్నాయి.

కానీ అంగట్లో దొరికే తూటాలు ఎల్డన్ జీతానికి బరువు. అందుకని సాధన చేసేవాడే కాదు.

"ఏడాదికి ఆరు తూటాలు కాల్చి ఎలుగుబంటి ముందు నిలబడేవాణ్ణి ఏమంటారో తెలుసా? ఫలహారం అంటారు," అన్నాడు మామయ్య. అందుకే ఆ మర. కాల్చేసిన తూటా ఇత్తడి డొప్పను పారేయకుండా మరలో పెట్టి మళ్ళీ కొలతకు నొక్కాలి. అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ళను మార్చాలి. తుపాకిమందు తూచి పోసి, పైన సీసపు గుండు కూర్చి, అంచు బిగించాలి. గుండ్లు మామయ్యే పాత సీసం కరిగించి పోత పోసేవాడు.

మొదట ఎల్డన్‌కే నేర్పబోయాడు. ఎల్డన్ ఒక చేత్తో కాఫీ, ఇంకో చేత్తో మర పిడి పట్టుకుని ఈల వేస్తూ కూర్చున్నాడు.

"లే అక్కణ్ణుంచి," అన్నాడు మామయ్య. "ఈల వేసేవాడికి ఈ బల్ల దగ్గర చోటు లేదు."

"మరెవరికుంది?"

"అదిగో, ఆ పిల్లకి. పొయ్యి ఆర్పానా లేదా అని గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కొస్తుందే, ఆ పిల్లకి."

ఎల్డన్ పడీపడీ నవ్వాడు. నాకు ముఖం ఎర్రబడింది. నా భయం ఊళ్ళో అందరికీ తెలిసిన వేళాకోళమే. దాన్ని ఒక అర్హతగా లెక్కేసిన మనిషిని మాత్రం అంతకుముందు చూడలేదు.

ముందుగా మర ముట్టుకోనివ్వలేదు. తూటాలు నింపడం గురించిన ఒక లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు. "ఇది పూర్తయ్యేదాకా ఆ పిడి మీద చెయ్యి పడిందంటే చూడు మరి." నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. నిఘంటువు పక్కన పెట్టుకుని, పొయ్యి పక్కన కూర్చుని, ఒక్కో పేజీ రెండేసిసార్లు చదివాను. మొదటి పుట నుంచి చివరి పుట దాకా నేను చదివిన మొదటి పుస్తకం అదే. తరువాత చాలా పుస్తకాలు చదివాను గానీ, అంత దగ్గరగా నా గురించి చెప్పింది ఇంకొకటి లేదు. మందు ఎక్కువైతే ఏమవుతుంది, అసలు పడకపోతే ఏమవుతుంది, రెండుసార్లు పడితే ఏమవుతుంది. నేను భయపడగలిగినవన్నీ అందులో ఉన్నాయి, పేజీ నంబర్లతో సహా.

పుస్తకం చెప్పినట్టే, మొదటి విడతకు అన్నిటికన్నా తక్కువ కొలత ఎంచుకున్నాం. "మొదలు ఎప్పుడూ కిందిమెట్టు నుంచే," అన్నాడు మామయ్య. తక్కువ కొలతలో ఒక చిక్కు ఉంది. మందు డొప్పలో ఎక్కడో అడుగున పడి ఉంటుంది. పొరపాటున ఒకే డొప్పలో రెండుసార్లు పోసినా పొంగి బయటికి రాదు. పైన గుండు కూర్చేశాక ఇక బయట నుంచి ఎవరూ కనిపెట్టలేరు. మా డొప్పలు నాలుగు రకాలవి, గుండ్లు ఇంట్లో పోసినవి, కాబట్టి తూచి చూసినా తేలదు. అది కాల్చిన రోజున రివాల్వరు పగులుతుంది, దాన్ని పట్టుకున్న చెయ్యి పోతుంది.

అందుకే మామయ్య రెండు నియమాలు పెట్టాడు. గుండ్లు కూర్చేముందు యాభై డొప్పల్లోకీ టార్చిలైటు వేసి చూడాలి. మందు పోస్తుండగా ఎవరైనా పలకరిస్తే, పోసినదంతా తిరిగి డబ్బాలో ఒంపేసి మళ్ళీ మొదలుపెట్టాలి. "అధ్యక్షుడే వచ్చి తలుపు కొట్టినా సరే," అనేవాడు.

ఆ ఏడు మంచు త్వరగా కరిగింది. ఎల్డన్ వెళ్ళడానికి ఇంకా వారం ఉందనుకుంటూ, ఒక ఉదయం చెక్కపలక చిల్లుల్లో యాభై డొప్పలు నిలబెట్టి మందు పోస్తున్నాను. తలుపు భళ్ళున తెరుచుకుంది.

"ఓలీ! కనుమ దారి తెరిచారట. గ్రోవర్ ఫోన్ చేశాడు. ఇవాళే బయలుదేరాలి."

"ఇవాళా?"

"ఇవాళంటే, ఇప్పుడే."

నా చిన్నప్పుడు మా అమ్మ గ్రేట్ ఫాల్స్ రైలెక్కి వెళ్ళిపోయింది. నేను వంగి బూటు తాడు కట్టుకుంటున్నాను. తల ఎత్తేసరికి రైలు కదిలింది. మా అన్న కొరియా వెళ్ళిన రోజు నేను నిద్రలో ఉన్నాను, లేపడం ఇష్టంలేక లేపలేదట. అందుకని ఎల్డన్ విషయంలో ముందే అన్నీ అనుకుని పెట్టుకున్నాను, ఏం వండాలి, ఏం చెప్పాలి, ఎక్కడిదాకా నడవాలి అని. అవేవీ జరగలేదు. అతని చొక్కాలు మడతపెట్టాను, ఏడ్చాను. అతను గోదాం నుంచి కేక వేస్తూనే ఉన్నాడు, తూటాలు అయ్యాయా, కనీసం అవైనా పట్టుకెళతానని. బల్ల దగ్గరికి పరిగెత్తి మిగిలిన డొప్పల్లో మందు పోసి, గుండ్లు కూర్చి, అంచులు బిగించి, డబ్బాలో సర్ది ఇచ్చాను. ట్రక్కు వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయాక పలకను తుడుస్తుంటే చేతులు ఆగిపోయాయి. టార్చిలైటు మేకుకే వేలాడుతోంది. తలుపు తెరుచుకున్నప్పుడు నేను ఏ డొప్ప దగ్గర ఉన్నాను? తిరిగి వచ్చి ఏ డొప్పతో మొదలుపెట్టాను?

తలకు కట్టుకున్న గుడ్డయినా విప్పకుండా మామయ్య ఇంటికి పరిగెత్తాను. అంతా చెప్పి, "మీరు నవ్వుతారని తెలుసు. పొయ్యి సంగతి లాంటిదే కావచ్చు," అన్నాను.

అతను నవ్వలేదు. "చూసినట్టు గుర్తుందా, లేదా?"

"లేదు."

"అయితే చూడలేదు. పద, ఎక్కు." తూటాలు విప్పే సుత్తి లాంటి పనిముట్టు ఒకటి, త్రాసు ఒకటి చంకలో పెట్టుకుని తన పాత బండి తీశాడు.

దారి పొడుగునా నేను గొణుగుతూనే ఉన్నాను. అంతమంది ముందు ఎల్డన్‌కి తలవంపులు తెస్తాను, నా పిచ్చి చూసి గ్రోవర్ అతన్ని పనిలోంచి తీసేస్తాడు. మామయ్య ఒక్కసారి మాత్రం అన్నాడు: "తలవంపులు ఆదివారానికి సర్దుకుంటాయి. వేళ్ళు సర్దుకోవు."

కొండదారి మొదట్లో గాడిదలన్నీ వరసగా తాడుకి కట్టి ఉన్నాయి. సామాను ఎక్కించడం సగం అయింది. బృందానికి పెద్ద అయిన గ్రోవర్ మమ్మల్ని చూసి టోపీ వెనక్కి నెట్టాడు. "ఎల్డన్! నీ పెళ్ళాం నీకు నిక్కర్లు తెచ్చింది రా!"

మగవాళ్ళంతా నవ్వారు. నేను నేరుగా ఎల్డన్ దగ్గరికి వెళ్ళాను. "ఆ డబ్బా ఇచ్చెయ్యి."

"ఏ డబ్బా?"

"తూటాలు. వాటిలో ఒకటి తప్పు కావచ్చు. ఏదో తెలీదు. అన్నీ విప్పాలి."

"యాభై తూటాలా? ఇక్కడా? ఓలీ, అంగడివి ఆరు తూటాలు నడుముకి ఉన్నాయి. ఇవి తీసుకెళ్ళి పారేయ్, పోయేదానికి…"

"పారేస్తే తప్పు చేశానో లేదో నాకు ఎప్పటికీ తెలీదు. తెలీకుండా అక్టోబరు దాకా ఎలా బతకమంటావు? ఇంకోసారి ఆ బల్ల ముందు ఎలా కూర్చోమంటావు?"

అతను నా ముఖంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, జీను సంచిలోంచి డబ్బా తీసి ఇచ్చాడు.

గాలి విపరీతంగా వీస్తోంది. త్రాసు ముల్లు ఆగదని మామయ్య దాన్ని బండి లోపల సీటు మీద పెట్టి అద్దాలు ఎక్కించేశాడు. బయట ఒక దుంగ మీద నేను తూటా బిగించిన సుత్తిని కొడితే, రెండు మూడు దెబ్బలకి గుండు ఊడి, మందుతో సహా సుత్తి బోలుతలలోకి జారేది. ఆ మందును గిన్నెలో ఒంపి ఎల్డన్ బండిలోకి అందించేవాడు. లోపల మామయ్య తూచేవాడు. "సరే," అనేవాడు. మళ్ళీ ఇంకొకటి.

"కంచరగాడిదలు పెళ్ళికి వచ్చినట్టు నిలబడ్డాయమ్మా," అన్నాడు గ్రోవర్. "ఇంకెంతసేపు?"

"అయ్యేంతసేపు, గ్రోవర్ గారూ."

పంతొమ్మిదోది కొట్టాను. ఎల్డన్ అందించాడు. ఈసారి లోపలి నుంచి "సరే" రాలేదు. మామయ్య ముల్లు సవరించి ఇంకోసారి తూచాడు. తరువాత అద్దం దించాడు.

"రెట్టింపు," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. గ్రోవర్ వచ్చి కిటికీలోంచి గిన్నెలోకి చూశాడు. రెండు కొలతలూ కలిపి అర చెంచాడు మందు, అంతే. ఎల్డన్ తన కుడిచెయ్యి ఒకసారి తెరిచి, మూసి, జేబులో పెట్టుకున్నాడు. ఎందుకో నా మనసు ఒక్కసారిగా నెమ్మదించింది.

"దొరికిందిగా అమ్మా," అన్నాడు గ్రోవర్ గొంతు తగ్గించి. "ఇక చాలు, మిగతావి వాణ్ణి పట్టుకెళ్ళనీ."

"ఒకటి దొరికితే రెండోది లేదని ఎవరు చెప్పారు?" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

గ్రోవర్ వెనక్కి వెళ్ళి గాడిదలకు నీళ్ళు పట్టించమన్నాడు. ఎల్డన్ దుంగకి అటువైపు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మిగతా ముప్ఫై ఒకటీ ఇద్దరం కలిసి విప్పాం. గంటకు పైగా పట్టింది. ఆ గంటలో అతను, మొదటి వారం ఏ నది పక్కన దిగుతారో, ఏ గాడిద కొరుకుతుందో, రాత్రిళ్ళు ఎంత చలి వేస్తుందో చెప్పాడు. నేను వండాలనుకున్న రూబార్బ్ కాడల తీపి రొట్టె గురించి చెప్పాను. ఉదయం నిలువుకాళ్ళ మీద ఏడుస్తూ చెప్పలేకపోయినవన్నీ, సుత్తి దెబ్బకీ దెబ్బకీ మధ్య చెప్పుకున్నాం. మామయ్య లోపల నుంచి "సరే, సరే," అంటూనే ఉన్నాడు. ఇంకొక తప్పు దొరకలేదు.

ఇన్నేళ్ళలో చాలామందిని సాగనంపాను. ఆ తరువాతి శీతాకాలమే మామయ్యను. ముప్ఫై ఏళ్ళ తరువాత ఎల్డన్‌ని, నేను కాఫీ కోసం ఆసుపత్రి వసారాలోకి వెళ్ళిన అయిదు నిమిషాల్లో. వెళ్ళినవాళ్ళ వెంట బండేసుకుని పోయి, ఆపి, మొదటిసారి చెడిపోయిన వీడ్కోలును మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవడం మాత్రం నా జన్మలో ఆ ఒక్క మధ్యాహ్నమే కుదిరింది.

ఎల్డన్ గుర్రం ఎక్కబోయి ఆగాడు. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. చెయ్యి పైకెత్తాను.

"ఆ చేతులతో కళ్ళు తుడుచుకోకు," అని బండి దగ్గర నుంచి అరిచాడు మామయ్య. "సీసం అంటి ఉంది!"

చెయ్యి దించేశాను. ఎల్డన్ మెడలోని రుమాలు విప్పి నా ముఖం తుడిచాడు. గాడిద చెమట వాసన వేసింది.

"జులైలో రెండో విడత సామాను కొండ మీదికి వస్తుంది," అన్నాడు. "దాంతో యాభై పంపుతావా?"

"అవి కాలుస్తావా?"

"నువ్వు చేసినవైతే కాలుస్తాను."

గుర్రం ఎక్కాడు. తాడు బిగిసింది, ఒక్కొక్క గాడిదా కదిలింది. దేవదారు చెట్ల మలుపులో ఆఖరి గాడిద తోక కనబడకుండా పోయేదాకా, రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.